జీఆర్86కి 17×8 వీల్స్ వచ్చేశాయి, టైర్లు తేల్చండి

ఫ్రిస్కో కుర్రోడు (డాలస్)

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతూనే ఉన్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. నా బండి 2023 టయోటా జీఆర్86, మాన్యువల్, బేస్ మోడల్. కంపెనీ ఇచ్చినవి 17 అంగుళాల వీల్స్, వాటికి 215/45 ఆర్17 (వెడల్పు 215 మి.మీ., సైడ్‌వాల్ అంటే పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం, 17 అంగుళాల వీలు) మిషెలిన్ ప్రైమసీ టైర్లు. పోయిన శనివారం సెకండ్ హ్యాండ్‌లో ఎన్‌కై ఆర్‌పీఎఫ్1 సెట్ దొరికింది. 17×8 (17 అంగుళాల వ్యాసం, 8 వెడల్పు), ఆఫ్‌సెట్ +45 (బిగించే ముఖం వీలు నడిమధ్య నుంచి 45 మి.మీ. బయటివైపుకి), 5×100 (ఐదు బోల్టులు, 100 మి.మీ. వలయంలో). టైర్లు లేవు, ఉత్త వీల్సే. ప్రస్తుతం హాల్లో సోఫా పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, మా ఆవిడ వాటిని తప్పుకుని వంటింట్లోకి వెళ్తూ నా వైపు చూసే చూపు గురించి చెప్పక్కర్లేదు.

వాడకం ఇదీ: రోజూ ఆఫీసుకి రానూపోనూ 50 మైళ్లు, సగానికి పైగా టోల్‌వే. ఆదివారం పొద్దున్నే సరదాగా ఒక రౌండు. ఈ సీజన్లో ఆటోక్రాస్ మొదలుపెడదామని ఉంది, మూడు నాలుగు ఈవెంట్లు. ఇంకో కారు మా ఆవిడ తీసుకెళ్తుంది కాబట్టి వానైనా చలైనా నాకు ఇదే గతి. వీడియోలన్నీ చూసి నేనైతే బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్, 245/40 ఆర్17 అని ఫిక్స్ అయిపోయాను. ఆర్డర్ కొట్టే ముందు ఒక్కసారి మీ చెవిన వేద్దామని. నాలుగూ కలిపి బిగింపుతో సహా వెయ్యి డాలర్లు దాటకూడదు. తిట్టాలనుకుంటే తిట్టండి.

టార్క్ రెంచ్ (ఆస్టిన్)

తిట్టను గానీ తమ్ముడూ, నువ్వు టైరు ముందు తేల్చుకుని వాడకం తర్వాత రాశావు. తిరగేసి చూడు. నీ వాడకంలో వందకి తొంభై ఐదు పాళ్లు ఆఫీసు దారిలో కాఫీ తాగుతూ వెళ్లడమే.

ఆర్ఈ-71ఆర్ఎస్ మంచి టైరు, అందులో డౌట్ లేదు. కానీ అది ఆటోక్రాస్‌కి, ట్రాక్‌కి పుట్టిన సరుకు. ట్రెడ్‌వేర్ (టైరు మన్నిక నంబరు) 200. ఈ నంబరు ఎలా వస్తుందో చాలామందికి తెలియదు, మన టెక్సాస్‌లోనే శాన్ ఆంజెలో చుట్టూ 400 మైళ్ల రూటు ఒకటి ఉంది, పరీక్ష టైర్లని, పోల్చడానికి ఒక ప్రామాణిక టైరుని కాన్వాయ్‌లో 7,200 మైళ్లు తిప్పి అరుగుదల కొలుస్తారు. ప్రామాణిక టైరు 100 అనుకుంటే దానికి రెట్టింపు మన్నేది 200. వినడానికి బాగానే ఉంది కదా? కిటుకు ఎక్కడుందంటే, చివరికి ఆ నంబరు సైడ్‌వాల్ మీద అచ్చువేసేది టైరు కంపెనీయే. ఆటోక్రాస్ స్ట్రీట్ క్లాసుల్లో 200కి తగ్గకూడదని రూలు పెట్టేసరికి, ఆ క్లాసు గెలవాలనుకునే ప్రతి కంపెనీ తన జిగట టైరు మీద సరిగ్గా 200 అని వేస్తుంది. అందుకే హాంకుక్ ఆర్-ఎస్4 కూడా 200, యోకోహామా ఏ052 కూడా 200, కానీ మొదటిది అరిగేలోపు రెండోది ఎప్పుడో గుండు కొట్టించుకుంటుంది. నంబరు చూసి మోసపోకు.

నీకు కావాల్సింది దాని కింది మెట్టు, సమ్మర్ స్ట్రీట్ టైర్లు. కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02, ఫైర్‌స్టోన్ ఫైర్‌హాక్ ఇండీ 500 (రెండూ 340), మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ (300). నీ బడ్జెట్‌కి మొదటి రెండూ సరిపోతాయి. 4ఎస్ గొప్పదే, ధర కూడా అంతే గొప్పగా ఉంటుంది.

ఇక 245. మీ వీలు 8 అంగుళాలు. 245/40 ఆర్17 ఎక్కదని కాదు, సాధారణంగా 8 నుంచి 9.5 దాకా అనుమతిస్తారు, అంటే నీది ఆఖరి మెట్టు. టైరు మధ్యలో ఉబ్బి పక్కలు లోపలికి ముడుచుకుంటాయి. అన్న చెప్పులేసుకుని నడిచే తమ్ముడిలా ఉంటుంది, ముందు కాలు కదులుతుంది, కాసేపాగి చెప్పు కదులుతుంది.

కొండమలుపు (ఫ్రీమాంట్)

పై పోస్టుతో సగమే ఒప్పుకుంటా. నేను స్కైలైన్, హైవే 9 కొండ రోడ్ల మీద నాలుగేళ్లుగా 200 టైర్లే వాడుతున్నా, రోజువారీ కూడా అవే. మొదట ఆర్-ఎస్4, ఇప్పుడు ఫాల్కెన్ ఆర్‌టీ660. చప్పుడు చేస్తాయి, నిజమే. గతుకు మీద పడితే నడుము దాకా తెలుస్తుంది. కానీ మలుపులో స్టీరింగ్ తిప్పగానే ముక్కు అటు వెళ్లడం ఉంటుంది చూడండి, అది ఒకసారి అలవాటైతే ప్రైమసీ మీదకి తిరిగి వెళ్లలేరు, ఫిల్టర్ కాఫీ తాగినోడికి ఇన్‌స్టంట్ ఇచ్చినట్టుంటుంది. స్పోర్ట్స్ కారు కొన్నదే అందుకు కదా. టైరు అరుగుతుందని భయపడేవాడు క్యామ్రీ కొనుక్కోవచ్చు.

ఎడిసన్ ఎద్దుబండి (న్యూజెర్సీ)

కొండమలుపు బ్రో, మీ ఊళ్లో వాన ఎప్పుడు పడుతుందో క్యాలెండర్లో రాసుకోవచ్చు. మా సంగతి వేరు.

నా కథ చెప్తా, తప్పు నాదే. రెండేళ్ల క్రితం నవంబర్ చివర్లో, సమ్మర్ టైర్లు ఇంకా మార్చలేదు, వచ్చే వారం చూద్దాంలే అని. పొద్దున ఆరున్నర, 30 ఫారెన్‌హీట్, రోడ్డు పొడిగా ఉంది, మంచు లేదు. మా కాంప్లెక్స్ నుంచి బయటికొచ్చి కుడివైపు తిరగాలి, స్పీడు పదిహేను కూడా ఉండదు. స్టీరింగ్ తిప్పాను, బండి తిన్నగా వెళ్లింది. బ్రేకు తొక్కాను, ఏబీఎస్ గడగడమంది, నేరుగా వెళ్లి ఎదుటి కర్బుని ముద్దు పెట్టుకుంది. ఐదు నెలల కిందట కొన్న వీలు, అంచు అరచెయ్యంత మేర గీరుకుపోయింది. టైరు ముట్టుకుంటే ఎండలో వదిలేసిన పాత హవాయి చెప్పులా గట్టిగా ఉంది.

సమ్మర్ టైర్ల రబ్బరు 45 ఫారెన్‌హీట్ కిందికి వెళ్తే గట్టిపడడం మొదలెడుతుంది. బాగా గడ్డకట్టే చలిలో నడిపితే, ఆఖరికి కిందపడేసినా, ట్రెడ్ చీలుతుందని కంపెనీలే రాస్తాయి, అలా చీలితే వారంటీ కూడా ఇవ్వరు. డాలస్‌లో చలి ఉండదు అనకండి. 2021 ఫిబ్రవరిలో డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్ ఎయిర్‌పోర్టు) దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్‌కి పడింది, గుర్తుందా?

ఫ్రిస్కో కుర్రోడు

గుర్తుండకపోవడమేంటన్నా, మూడు రోజులు కరెంటు లేక కార్లో కూర్చుని ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నాం. కానీ ఏడాదికి అలాంటి రోజులు ఎన్ని? పది? ఆ రోజులకి ఇంటి నుంచి పని చేసుకుంటా.

టార్క్ రెంచ్ అన్నా, 340 టైర్లు తీసుకుంటే ఆటోక్రాస్‌లో పరువు పోదా? ఇంకోటి, ఈ +45 ఆఫ్‌సెట్ మా బండికి ఫెండర్‌కి (చక్రం పైన ఉండే రేకు) తగులుతుందా? ఒక గ్రూపులో తగులుతుందన్నారు, ఇంకో గ్రూపులో 17×9 కూడా ఆరామ్‌గా పడుతుందన్నారు. బుర్ర వేడెక్కిపోయింది.

మాదాపూర్ పోలో (హైదరాబాద్)

మీ కష్టాలు చూస్తుంటే కడుపు మండుతోంది భయ్యా. ఏ 200 వెయ్యాలి, ఏ 340 వెయ్యాలి అని కొట్టుకుంటున్నరు, ఇక్కడ నా పోలో జీటీకి ఆ లిస్టులో ఒక్కటి కూడా షాపుల దొరకదు. 2020 జూన్ల టైర్ల దిగుమతిని రిస్ట్రిక్టెడ్ లిస్టుల పెట్టినప్పటి నుంచి లైసెన్సు లేకుండా తెచ్చుడు కుదరదు, పైగా బీఐఎస్ ముద్ర ఉండాలె. షాపోడు ఏది చూపిస్తే అదే మన కంపౌండు. కంపెనీ ఇచ్చిన 195/55 ఆర్16 సైజుల ఏదో ఒక మంచి టూరింగ్ టైరు వేసుకుని ఓఆర్ఆర్ ఎక్కుడే. అది 158 కిలోమీటర్లు, ఇప్పుడు లిమిట్ 120, టైరు కన్నా ముందు ఓపిక అరుగుతది.

సైడ్‌వాల్ గురించి మాత్రం ఒక మాట. సన్న సైడ్‌వాల్ చూడ్డానికి మస్తుగ ఉంటది గానీ మా కాలనీల నీళ్లు నిండిన గుంత ఒకటి చాలు. పోయిన వానాకాలం ముందు ఎడమ టైరుకి నిమ్మకాయంత బుడిపె వచ్చింది. పక్కన బుడిపె వచ్చిందంటే లోపల దారాలు తెగినట్టే, దానికి రిపేరు లేదు, పారేసుడే. అందుకే 18 అంగుళాలకి పోకుండ 17లనే ఉన్నందుకు తమ్మునికి నా ఓటు.

ఇంతకీ ఆటోక్రాస్ అంటే ఏంది?

టార్క్ రెంచ్

ఆటోక్రాస్ అంటే ఖాళీ పార్కింగ్ లాట్‌లో ప్లాస్టిక్ కోన్లు పెట్టి ఒక్కో కారునే వదులుతారు, నిమిషం లోపు అయిపోతుంది, కోను పడితే రెండు సెకన్లు కలుపుతారు. ఎండలో ఎనిమిది గంటలు నిలబడి ఆరు నిమిషాలు నడపడం. మహా సరదాగా ఉంటుంది.

ఇక కుర్రోడి ఆఫ్‌సెట్ లెక్క. గ్రూపులు వదిలేసి కాగితం పెన్ను తీసుకో. పాత వీలు 7.5 అంగుళాలు, +48. కొత్తది 8, +45. అర అంగుళం అంటే 12.7 మి.మీ., అది అటు సగం ఇటు సగం, 6.35 చొప్పున పెరిగింది. ఆఫ్‌సెట్ 3 తగ్గింది కాబట్టి వీలు మొత్తం 3 మి.మీ. బయటికి జరిగింది. కలిపితే బయటివైపు 9 పైచిలుకు బయటికొచ్చింది, లోపలివైపు 3 పైచిలుకు స్ట్రట్ (సస్పెన్షన్ స్తంభం) వైపు జరిగింది. ఇది ఏమీ కాదు. అదే 17×9 +45 అయితే బయటికి 22, లోపలికి 16. అప్పుడు ఆలోచించాలి. ఆ రెండో గ్రూపువాళ్లకి తగలట్లేదంటే క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వంగే కోణం) మార్చుకుని ఉంటారు, లేదా స్టీరింగ్ పూర్తిగా తిప్పి గతుకు ఎక్కించి ఉండరు.

టైరు ఎత్తు కూడా చూడాలి, ఇది చాలామంది వదిలేస్తారు. నీ 215/45 ఆర్17 ఎత్తు 625 మి.మీ. 225/45 అయితే 634, అంటే ఒకటిన్నర శాతం లోపే తేడా, మీటరు 70 చూపిస్తే నువ్వు 71లో ఉంటావు. 245/40 అయితే 628, దాదాపు సమానం. 235/45 మాత్రం 643, దాదాపు మూడు శాతం. గేర్లు సాగినట్టు, పికప్ తగ్గినట్టనిపిస్తుంది, ఆ కారుకి అది నచ్చదు.

225కీ 245కీ 20 మి.మీ. తేడా అని ఆశపడుతున్నావు గదా, అది కాగితం మీదే. 225ని 7.5 వీలు మీద కొలుస్తారు, 245ని 8.5 మీద. వీలు అర అంగుళం మారితే టైరు వెడల్పు సుమారు 5 మి.మీ. మారుతుంది. నీ 8 మీద 225 కాస్త సాగుతుంది, 245 కాస్త కుంచించుకుంటుంది. 20 కాస్తా పదీ పన్నెండుకి దిగుతుంది. దానికోసం సైడ్‌వాల్ ఊగిసలాట, ఎక్కువ బరువు, ఎక్కువ డబ్బు. 225/45 వేసుకో.

బెజవాడ బాక్సర్ (హ్యూస్టన్)

నా దగ్గరున్నది మొదటి తరం సుబారూ బీఆర్‌జెడ్, మన కుర్రోడి బండికి అన్న వరస. 17×8లోనే ఉన్నాను, 225/45. మూడేళ్లు ఇండీ 500 నడిపాను కాబట్టి వాన గురించి నేను చెప్తే వినండి.

ఐ-45 మీద సాయంత్రం ఐదింటికి ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసే వాన మీలో ఎంతమంది చూశారో తెలీదు. వైపర్ ఫుల్ స్పీడులో ఉన్నా ముందు లారీ ఎర్ర లైటు తప్ప ఏదీ కనపడదు. అప్పుడు టైరు ఏ కంపెనీది అనేది కాదు, గాడులు ఎంత లోతు మిగిలాయి అనేదే ముఖ్యం. చట్టం ప్రకారం 2/32 అంగుళం వరకూ లాగొచ్చు. నన్నడిగితే వాన ఊళ్లో 4/32కే టైరు అయిపోయినట్టు. నావి 3/32 దగ్గర ఉన్నాయి, ఇంకో నెల లాగుదాంలే అనుకున్న రోజే 60లో వెళ్తుంటే స్టీరింగ్ ఒక్కసారిగా చేతిలో దూదిలా తేలిపోయింది. రెండు సెకన్లు ఉంటుందేమో. లేన్ మారలేదు, ఎవరికీ తగల్లేదు, కానీ ఇంటికెళ్లాక మా అమ్మ ఫోన్ చేస్తే గొంతు వణికింది. ఇప్పుడు టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకి ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా తీసేశారు, నీ టైరు గుండైందని చెప్పే నాథుడు లేడు, గాడిలో నాణెం పెట్టి లోతు నువ్వే కొలుచుకోవాలి.

200 టైర్లలో గాడులే తక్కువ, కొత్తగా ఉన్నప్పుడు కూడా. అవి సగం అరిగాక వానలో వెళ్లాల్సొస్తే నేనైతే ఆఫీసుకి సెలవు పెడతా.

ఇండీ 500 తీసుకుంటే ఒక జాగ్రత్త. అది ఒకే దిక్కు తిరిగే ట్రెడ్, పక్కన బాణం గుర్తు ఉంటుంది. నాకు బిగించిన షాపువాడు కుడివైపు రెండూ తిరగేసి బిగించాడు. నేను చూసుకోలేదు! ఏడెనిమిది వందల మైళ్లు వెనక్కి చూస్తున్న బాణాలతో తిరిగాను, వానలో ఒకవైపు లాగుతోందేంటబ్బా అనుకుంటూ. షాపులోంచి బయటికొచ్చే ముందు చుట్టూ ఒక ప్రదక్షిణ చెయ్యండి, బాణాలు ముందుకి చూస్తున్నాయా లేదా. కాంటినెంటల్‌కి బాణం గొడవ లేదు, బయటివైపు అని రాసిన పక్క బయటికుంటే చాలు, కావాలంటే కుడి ఎడమలు కూడా మార్చుకోవచ్చు.

కొండమలుపు

సరే సరే, వాన వాన. 3/32 దాకా లాగింది నువ్వు, తిట్టు మాత్రం 200 టైర్లకా? అరిగిపోయిన ప్రైమసీ అయినా అలాగే తేలుతుంది.

బెజవాడ బాక్సర్

తేలుతుంది. కానీ ప్రైమసీ అరగడానికి ఎన్నేళ్లు పడుతుంది, నీ ఆర్‌టీ660 అరగడానికి ఎన్ని నెలలు పడుతుంది? ఆ నెలల్లో సగం నా ఊళ్లో వానే. నీ ఊళ్లో నువ్వు చెప్పింది రైటే, ఎవరు కాదన్నారు. అడిగింది డాలస్ కుర్రాడు.

వేదిక పెద్ద

ఇద్దరూ బాగా రాస్తున్నారు, అలాగే కానివ్వండి. క్యామ్రీ వాళ్లని లాగొద్దు, వాళ్లే ఇక్కడ ఎక్కువమంది.

మూడో గేరు (షార్లెట్)

ఆలస్యంగా వచ్చాను. నేను మజ్దా మియాటాతో ఆటోక్రాస్‌కి ఐదేళ్లుగా వెళ్తున్నా, మా క్లబ్బులో కొత్తవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించేది కూడా నేనే, కాబట్టి పరువు సంగతి నాకొదిలెయ్.

తమ్ముడూ, మొదటి సీజన్లో నీ పరువు తీసేది టైరు కాదు, నీ కళ్లు. కొత్తవాళ్లంతా ముందున్న కోనుని చూస్తారు, తర్వాతి కోనుని చూడరు. ఆ అలవాటు పోవడానికే మూడు ఈవెంట్లు పడుతుంది. ఈలోపు జిగట టైర్లేసుకుంటే అవి నీ తప్పులన్నీ కప్పిపుచ్చుతాయి. ఆలస్యంగా తిప్పినా మలుపు తిరుగుతుంది, అనవసరంగా గ్యాస్ తొక్కినా పట్టుకుంటుంది, నువ్వేమో భలే నడిపాననుకుంటావు. ఇక పట్టు వదిలినప్పుడు ఒక్కసారిగా వదులుతుంది, అది కూడా ఎక్కువ స్పీడులో. మామూలు టైరు ముందే కీచుమని అరిచి చెప్తుంది. నేను మొదటి ఏడాది కంపెనీ టైర్లతోనే నడిపా, వాటి అరుపు విని విని నేర్చుకున్నా.

నీ కారుకి కంపెనీవాళ్లు ప్రైమసీ వేసింది కూడా పిసినారితనంతో కాదు. 228 హార్స్‌పవర్, 2,800 చిల్లర పౌండ్ల బరువు, దానికి మరీ పట్టున్న టైరేస్తే తోక ఆడించే సరదా తగ్గుతుందని. తక్కువ స్పీడులోనే కారు కదలడం తెలియాలి, అదీ దాని ఉద్దేశం. అందుకే ప్రైమసీతో ఉన్న పాత వీల్స్ అమ్మొద్దు. చలి రోజులకి అవే వేసుకో. అవి కూడా సమ్మర్ టైర్లేగా అంటారేమో, అవును, గడ్డకట్టే రోజు అవి కూడా వద్దు, నువ్వన్నట్టు ఇంట్లో కూర్చో. నిజంగా ఒక్క సెట్టే, పన్నెండు నెలలూ అదే అంటే మాత్రం నీకు పెర్ఫార్మెన్స్ ఆల్ సీజన్ కావాలి, పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 గానీ డీడబ్ల్యూఎస్06 ప్లస్ గానీ. రెండూ నీ ప్రైమసీ కన్నా మెరుగ్గానే పట్టుకుంటాయి. చాలామందికి ఆల్ సీజన్ అనగానే నామోషీ, ఎందుకో నాకర్థం కాదు.

ఇంకో ముక్క. టైర్లకన్నా ముందు అలైన్‌మెంట్‌కి డబ్బు పెట్టు. ముందు చక్రాలకి క్యాంబర్ దాదాపు లేకుండా వస్తుంది ఆ బండి, కోన్ల మధ్య తిప్పితే టైరు బయటి అంచు మాత్రమే అరుగుతుంది. స్ట్రట్‌కి క్యాంబర్ బోల్టులు వేయించి కాస్త లోపలికి వంచితే కొత్త టైరు మొత్తం నేలకి ఆనుతుంది. లేకపోతే 245 వేసినా వాడేది దాని భుజమే.

ష్టుట్‌గార్ట్ చుట్టం (జర్మనీ)

మీరంతా వీలు కొనడం, బిగించడం, వెళ్లిపోవడం. ఇక్కడ నేను గోల్ఫ్‌కి 18 అంగుళాల వీల్స్ కొంటే వాటి కాగితాలు ఉన్నాయా, ఆ కారు మోడల్‌కి ఆ సైజు రాసుందా, లేకపోతే టీయూవీకి (బండ్లు తనిఖీ చేసే సంస్థ) తీసుకెళ్లి చూపించి బండి కాగితాల్లో ఎక్కించాలి. ఎక్కించకుండా తిరిగితే పోలీసు ఆపినప్పుడు ఒక బాధ, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సుతో ఇంకో బాధ. అక్టోబర్ నుంచి ఈస్టర్ దాకా వింటర్ టైర్లు అని ఇక్కడ నానుడి, 2024 అక్టోబర్ నుంచి అయితే మంచు రోడ్డు మీద కొండ, మంచురేకు గుర్తున్న టైరే ఉండాలి. మొదట్లో విసుగొచ్చేది. కానీ ఆటోబాన్ మీద 200 కిలోమీటర్ల స్పీడులో వెళ్తుంటే పక్కవాడి టైరు కూడా ఎవరో చూసి ఓకే చేసిందే అన్న ధైర్యం ఉంటుంది చూడండి.

ఫ్రిస్కో కుర్రోడు

మూడో గేరు అక్కా, చదివాక నా అహం కొంచెం అరిగింది, ట్రెడ్‌వేర్ ఎంతో తెలీదు. 245 ఆలోచన వదిలేశా. ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02, 225/45 ఆర్17, నాలుగు ఆర్డర్ పెట్టాను. ఆల్ సీజన్ గురించి ఒక రాత్రంతా ఆలోచించాను, కానీ పాత సెట్టు ఉంచుకుంటున్నా కాబట్టి సమ్మర్‌కే వెళ్లా. బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి ఏవైనా ఉంటే చెప్పండి, శుక్రవారం అపాయింట్‌మెంట్.

టార్క్ రెంచ్

ముందు టైరు మీద డాట్ అని మొదలయ్యే వరస చూడు, చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారం. రెండేళ్లు దాటినవి ఇస్తే మార్చమని అడుగు, మొహమాటపడకు.

రెండోది, ఆర్‌పీఎఫ్1 మధ్య రంధ్రం 73 మి.మీ., నీ బండి హబ్ (వీలు కూర్చునే మధ్య భాగం) 56.1. మధ్యలో హబ్ రింగులు కావాలి, లేకపోతే 60 దాటాక స్టీరింగ్ వణుకుతుంది, బ్యాలెన్సింగ్ తప్పనుకుని మూడుసార్లు షాపు చుట్టూ తిరుగుతావు. అమ్మినవాడు రింగులిచ్చాడా?

మూడోది, అందరూ బోర్లాపడేది ఇక్కడే. బండి మీద టయోటా అనుంది కదా అని టయోటా నట్లు కొనకు. టయోటాల్లో మామూలుగా 12×1.5 మర (12 మి.మీ. మందం, మరల మధ్య 1.5). నీ బండి పుట్టింది సుబారూ ఫ్యాక్టరీలో, దాని స్టడ్లు (నట్లు ఎక్కే బోల్టులు) 12×1.25. 1.5 నట్టుని గన్‌తో ఎక్కిస్తే ఎక్కుతుంది, స్టడ్డుని కూడా తనతో పాటు తీసుకుపోతుంది. షాపులో గన్ చివరి దాకా కొట్టనివ్వకు. 89 పౌండ్-ఫీట్, చేత్తో, టార్క్ రెంచ్‌తో (నా పేరు ఊరికే పెట్టుకోలేదు). యాభై వంద మైళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి చెక్ చెయ్.

ఫ్రిస్కో కుర్రోడు

రింగులు ఇవ్వలేదు! ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. ఈ రాత్రికే ఆర్డర్ పెడుతున్నా.

ఫ్రిస్కో కుర్రోడు

ఐదు వారాల తర్వాత అప్‌డేట్. ఆలస్యానికి సారీ, ఆఫీసులో రిలీజ్.

బిగింపు రోజు: రింగులు గురువారం సాయంత్రం వచ్చాయి. షాపు పేరు చెప్పను గానీ, అక్కడి పిల్లాడు మొదటి చక్రానికే గన్ పట్టుకుని వచ్చేశాడు. నేను నా టార్క్ రెంచ్ కార్లోంచి తీసి చూపిస్తే వాడు నవ్వి, సరే నువ్వే బిగించుకో అని పక్కన నిలబడ్డాడు. ఇరవై నట్లు నేనే బిగించా, ఎండకి చొక్కా తడిసిపోయింది. టైరు ప్రెషర్ సెన్సార్లు పాత వీల్స్‌లోనే ఉండిపోయాయి, కొత్తవి కొనలేదు, డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతూనే ఉంది. ఇది తప్పే, ఒప్పుకుంటా, వచ్చే జీతానికి.

టోల్‌వే మీద తేడా నిజానికి చిన్నదే. ప్రైమసీ కన్నా హమ్మింగ్ ఒక చెంచా ఎక్కువ. కానీ ఎగ్జిట్ ర్యాంపు మీద... కొండమలుపు అన్నా, మీరు చెప్పింది అప్పుడర్థమైంది. స్టీరింగ్ మధ్యలో ఇంతకుముందు ఒక చిన్న ఖాళీ ఉండేది, అది పోయింది. రెండో వారం మాంచి ఉరుముల వాన పడింది, 55లో కుడి లేన్‌లో వెళ్లాను, నీళ్లు నిలిచిన చోట చేతికి చిన్న కుదుపు తెలిసింది తప్ప తేలలేదు.

ఆటోక్రాస్ ఒకటి అయింది. పొద్దున ఇంటి దగ్గర చల్లటి టైర్లలో 34 పీఎస్ఐ పెట్టుకెళ్లా. మూడో రన్‌కి 39 చూపించింది, వెనకాల తోక జారుతూనే ఉంది. పక్కన మియాటాలో ఒక తాతగారు వచ్చి గాలి తగ్గించమని 35కి దించాడు, తర్వాతి రన్‌లో సెకను తగ్గింది. పది డిగ్రీల ఫారెన్‌హీట్‌కి ఒక పీఎస్ఐ అని పుస్తకాల్లో చదివాను గానీ, టైరు వేడి సంగతి అక్కడ చేత్తో ముట్టుకుంటే తెలిసింది. మొత్తం మీద నా క్లాసులో కింద నుంచి రెండోవాణ్ని. నాకన్నా కిందున్న అతను ఆర్ఈ-71ఆర్ఎస్ మీద వచ్చాడు.

మూడో గేరు

ఆ ఆఖరి వాక్యం కోసమే ఇదంతా రాశావు కదూ. కోన్లు ఎన్ని పడ్డాయి?

ఫ్రిస్కో కుర్రోడు

నాలుగు అక్కా. అన్నీ ఒకే మలుపులో.

మూడో గేరు

ఆ మలుపులో ముందున్న కోనుని చూస్తున్నావు. నెక్స్ట్ టైం దాని తర్వాతి దాన్ని చూడు. సెన్సార్లు మాత్రం కొను, జీతం దాకా ఆగకు. ఆ లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉంటే మేకు దిగిన రోజు నీకెలా తెలుస్తుంది?

మాదాపూర్ పోలో

తమ్మీ, పాత సెట్టు ఏం చేస్తున్నవ్? మా కజిన్ ప్లానోల ఉంటడు, వానికి గూడ 86 ఉంది, పాతది. ప్రైమసీలు గుండు అయినయంట.

ఫ్రిస్కో కుర్రోడు

అక్క అమ్మొద్దంది కాబట్టి అమ్మను భయ్యా, చలికాలానికి కావాలి. కాకపోతే అవి ఇప్పుడు సోఫా పక్కన ఆ వీల్స్ ఉన్న చోటే ఉన్నాయి. మీ కజిన్ వాళ్ల గరాజ్‌లో నవంబర్ దాకా పెట్టనిస్తాడేమో కనుక్కుంటారా? అద్దె కింద బిర్యానీ తినిపిస్తా.